ఫ్రీ డిష్: స్ట్రెంగ్త్ 82, క్వాలిటీ సున్నా, ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఒక్క ఛానలూ పడటం లేదు (తిరుపతి)

మిద్దెమీద_డిష్ (కొర్లగుంట, తిరుపతి)

అందరికీ నమస్కారం. మాది డీడీ ఫ్రీ డిష్. 60 సెంటీమీటర్ల డిష్, మామూలు సింగిల్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కాడ చివర సిగ్నల్ పట్టే ముక్క), ఆరేళ్ల నాటి బాక్సు. మొన్నటి వాయుగుండానికి రెండు రోజులు వాన, గాలి. వాన నిలిచి ఎండ కాసినా తెర మీద "నో సిగ్నల్" మాత్రం పోలేదు.

ఇప్పటిదాకా చేసినవి: బాక్సులో ఆటో స్కాన్ నాలుగు సార్లు, సున్నా ఛానళ్లు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. టీవీ మెనూలోకి పోయి అక్కడా ఆటో ట్యూన్. అదీ పనికిరాకపోతే పక్క మిద్దె మీద డిష్ ఎటు చూస్తా ఉందో చూసి మాదీ అటే తిప్పడం.

సిగ్నల్ పేజీలో స్ట్రెంగ్త్ 82, క్వాలిటీ 0. మిద్దె మీద నుంచి హాలుకు కేబుల్ 25 మీటర్లు. మధ్యలో రెండు దారుల స్ప్లిటర్ ఉంది, ఒక దారి పడగ్గదిలో ఇంకో బాక్సుకు పోతుంది. స్ట్రెంగ్త్ అంత ఉంటే సిగ్నల్ వస్తున్నట్టే కదా? పోయింది బాక్సా, ఎల్‌ఎన్‌బీయా? ఏది కొనాలో చెప్పండి.

ఆగ్నేయం133

ఇప్పుడే ఏదీ కొనొద్దు సామీ. ముందు ఆ స్కాన్ ఆపండి. క్వాలిటీ సున్నా ఉన్నప్పుడు వంద సార్లు స్కాన్ చేసినా వచ్చేది సున్నానే.

స్ట్రెంగ్త్ అనేది కేబుల్ గుండా బాక్సులోకి ఎంత రొద వస్తోందో చెప్పే అంకె. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా రొదను పెంచి కిందికి పంపుతుంది, బాక్సు 80 చూపిస్తుంది. ఆ రొదలో బాక్సు గుర్తుపట్టగలిగే ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు ఉన్నాయా లేవా అన్నది క్వాలిటీ చెబుతుంది. మీరు చూడాల్సింది ఆ రెండో గీతనే.

ఇంకో మాట. టీవీలో ఆటో ట్యూన్ చేస్తే వెతికేది టీవీ సొంత ట్యూనర్. మీ ఛానళ్లు పట్టేది బాక్సు. టీవీ ఏవీలోనో హెచ్‌డీఎంఐలోనో ఉంటే చాలు. బాక్సు మెనూ తెర మీద కనిపిస్తోందంటే టీవీ వైపు అంతా బాగానే ఉంది, ఇక దాని జోలికి పోవద్దు.

ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు కాబట్టి మొదట సెట్టింగులు సరిచూడండి. చాలా బాక్సుల్లో రీసెట్ తర్వాత ఎల్‌ఎన్‌బీ రకం మారిపోతుంది. ఉండాల్సినవి ఇవి:

శాటిలైట్: జీశాట్-15, 93.5 తూర్పు
ఎల్‌ఎన్‌బీ: యూనివర్సల్, 9750/10600
ఎల్‌ఎన్‌బీ పవర్: ఆన్
22 కిలోహెర్ట్జ్ (బాక్సు ఎల్‌ఎన్‌బీకి పంపే టోన్): ఆటో, లేదా ఆఫ్
డైసెక్ (ఒకటికి మించి ఎల్‌ఎన్‌బీలుంటే వాడే స్విచ్): ఏదీ వద్దు
ట్రాన్స్‌పాండర్ (ఫ్రీక్వెన్సీ, తరంగం నిలువా అడ్డమా, సింబల్ రేటు): 11090, వర్టికల్, 29500

వీటిలో ఒక్కటి తప్పినా పని జరగదు. డిష్ మీద పడే 11090 మెగాహెర్ట్జ్ కేబుల్‌లో అట్లే దిగదు. ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి మిగిలిన 1340ని కిందికి పంపుతుంది. బాక్సు ట్యూనర్ పట్టేది 950 నుంచి 2150 వరకు, కాబట్టి 1340 హాయిగా పడుతుంది. అదే 22 కిలోహెర్ట్జ్ పొరపాటున ఆన్‌లో ఉంటే ఎల్‌ఎన్‌బీ 10600కి మారుతుంది. 11090లోంచి 10600 పోతే 490. ఆ 490 ట్యూనర్‌కు అందదు. డిష్ ఎంత సరిగ్గా ఉన్నా క్వాలిటీ సున్నానే.

సెట్టింగులు సరిచేసినా రాకపోతే స్ప్లిటర్ తీసేయండి. దాని మీద 5-1000 అని రాసి ఉంటే అది కేబుల్ టీవీ స్ప్లిటర్, 1340 దగ్గర సిగ్నల్‌ను తినేస్తుంది. కొన్ని కరెంటును కూడా పైకి పోనివ్వవు. డిష్‌కు వాడాలంటే 5-2400 అని, డీసీ పాస్ అని ఉండాలి. అది సరైనదే అయినా ఒకే ఎల్‌ఎన్‌బీకి రెండు బాక్సులు కరెంటు తోయడం మంచిది కాదు. ఒకటి 13 వోల్టులు, ఇంకొకటి 18 వోల్టులు ఇస్తే 18దే పైచేయి. 18 అంటే హారిజాంటల్. వర్టికల్ కావాల్సిన బాక్సుకు ఆ క్షణమే క్వాలిటీ పోతుంది.

అప్పటికీ రాకపోతే బాక్సునూ చిన్న టీవీనూ మిద్దె మీదికి తీసుకుపోయి, రెండు మీటర్ల కొత్త కేబుల్ ముక్కతో నేరుగా ఎల్‌ఎన్‌బీకి కలపండి. అక్కడ క్వాలిటీ వస్తే తప్పు 25 మీటర్ల కేబుల్‌లో ఉంది. రాకపోతే డిష్‌లోనో ఎల్‌ఎన్‌బీలోనో. ఈ ఒక్క పరీక్షతో సగం సందేహాలు తీరిపోతాయి. కనెక్టర్ విప్పే ముందు, బిగించే ముందు బాక్సు ప్లగ్గు పీకండి. కేబుల్‌లో చుట్టూ ఉండే అల్లిక తీగ ఒక్క పోగు నడిమి తీగకు తగిలినా షార్టే.

మిద్దెమీద_డిష్

చూసినాను. ఎల్‌ఎన్‌బీ రకం దగ్గర 5150 అని ఉంది! యూనివర్సల్‌కు మార్చి, మిగతావీ మీరు చెప్పినట్టే పెట్టినాను. స్ప్లిటర్ మీద 5-1000 అనే ఉంది, తీసేసినాను. అయినా క్వాలిటీ 0.

మిద్దె మీద చిన్న ముక్కతో కలిపితే స్ట్రెంగ్త్ 78, క్వాలిటీ 0. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ విప్పేస్తే స్ట్రెంగ్త్ 40కి పడిపోతుంది. ఎల్‌ఎన్‌బీ పోయినట్టేనా?

ఆగ్నేయం133

5150 అనేది సీ-బ్యాండ్ పెద్ద డిష్‌లకు. అది ఉన్నంతసేపూ ఏమీ రాదు.

మీరు చేసిన రెండో పరీక్ష బాగుంది. విప్పితే 40, బిగిస్తే 78 అంటే ఎల్‌ఎన్‌బీ కరెంటు తీసుకుంటోంది, రొదను పెంచుతోంది. బతికే ఉండొచ్చు. ముందు దిక్కు సరిచేద్దాం. అప్పటికీ రాకపోతే ఎల్‌ఎన్‌బీ మార్చి చూడటం, మూడు వందల లోపు ఖర్చు.

తూకపుగుండు

దిక్కు సంగతి నేను చెబుతాను. పక్కింటి డిష్ చూసి తిప్పడమే ఇక్కడ అసలు తప్పు. ఆ డిష్ ఏ కంపెనీదో చూశారా? టాటా ప్లే అయితే దాని శాటిలైట్ 83 డిగ్రీల దగ్గర. తిరుపతి నుంచి చూస్తే అది దాదాపు దక్షిణానికి, కాంపస్‌లో 165 వైపు ఉంటుంది. మీకు కావాల్సింది 133. అంటే అచ్చం ఆగ్నేయం మూల. ఇంటికి వాస్తు చూసిన వాళ్లను అడిగినా వేలు పెట్టి చూపిస్తారు.

తిరుపతికి లెక్కలు ఇవి: కాంపస్ 133, ఎత్తు (నేల నుంచి పైకి కోణం) 67 డిగ్రీలు. చిత్తూరులో 132, ఎత్తు అదే 67. ఫోన్ కాంపస్‌ను ఇనుప పోల్ పక్కన పెట్టి చూడొద్దు, ముల్లు తప్పుతుంది. నాలుగడుగులు దూరంగా నిలబడి దిక్కు చూసుకొని, ఆ గీతలో పిట్టగోడ మీద ఒక సుద్ద గుర్తు పెట్టుకోండి.

67 డిగ్రీలంటే శాటిలైట్ దాదాపు నడినెత్తి వైపు ఉన్నట్టే. కానీ ఇది ఆఫ్‌సెట్ డిష్. దాని చూపు దాని ముఖం కంటే 22 నుంచి 26 డిగ్రీలు పైకి ఉంటుంది. అందుకే డిష్ ముఖం అంత వెల్లకిలా కనిపించదు. బ్రాకెట్ మీద అంకెలు చెరిగిపోయి ఉంటే ఇట్లా చేయండి: డిష్ పై అంచు నుంచి కింది అంచుకు నిటారుగా ఒక తిన్నని కర్ర ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ చూడండి. కర్ర నేలతో 45 నుంచి 49 డిగ్రీల మధ్య ఉండాలి.

వీటన్నిటికంటే ముందు పోల్. నాలుగు వైపులా తూకపుగుండు వేసి చూడండి. గాలికి పోల్ ఒక పక్కకు ఒరిగి ఉంటే మీరు ఎడమకు కుడికి తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, సాయంత్రం దాకా తిప్పినా దొరకదు.

మన ప్రాంతంలో చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. శాటిలైట్ ఇంత ఎత్తులో ఉన్నప్పుడు పక్కలకు కాస్త తప్పినా డిష్ ఓర్చుకుంటుంది, ఎత్తు తప్పితే ఓర్చుకోదు. పోల్ చుట్టూ 3 డిగ్రీలు తిప్పితే ఆకాశంలో చూపు జరిగేది 1 డిగ్రీకి కాస్త ఎక్కువ. ఎత్తులో 1 డిగ్రీ మారిస్తే చూపు పూర్తిగా 1 డిగ్రీ జరుగుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మొత్తం 3 డిగ్రీలే. అంచు దగ్గర 5 మిల్లీమీటర్ల కదలిక 1 డిగ్రీతో సమానం. అంటే బెత్తెడు కాదు, బియ్యపుగింజంత కదపాలి.

పద్ధతి: ఎత్తు 67 దగ్గర బిగించి, కాంపస్ 120 నుంచి 145 వరకు మెల్లగా తిప్పండి. అంచు 5 మిల్లీమీటర్లు జరిపిన ప్రతిసారీ మూడు సెకన్లు ఆగండి. ఆలోచించుకోవడానికి బాక్సుకు ఆ మాత్రం టైము కావాలి. ఏమీ రాకపోతే ఎత్తు 1 డిగ్రీ పెంచి మళ్లీ, 1 డిగ్రీ తగ్గించి మళ్లీ. ఎక్కడో ఒకచోట క్వాలిటీ ఉలిక్కిపడినట్టు 20కో 30కో లేస్తుంది. అక్కడి నుంచి ముందు ఎత్తు సవరించండి, తర్వాత పక్కలకు.

ఒక ఉచ్చు: 95 డిగ్రీల దగ్గర డిష్ టీవీ వాళ్ల శాటిలైట్ ఉంది. మీ లెక్కకు అది 3 డిగ్రీలు తూర్పుకు, ఒక డిగ్రీ కిందికి. బాక్సులో బ్లైండ్ స్కాన్ (ఫ్రీక్వెన్సీ ఇవ్వకుండా అన్నీ వెతకడం) పెట్టి తిప్పితే అది తగలొచ్చు. అప్పుడు ఛానళ్ల పేర్లు వరుసగా పడతాయి, పక్కన తాళం గుర్తు ఉంటుంది, బొమ్మ రాదు. అట్లా వస్తే కొంచెం పడమటికి, కొంచెం పైకి జరపండి.

ఇక ఎల్‌ఎన్‌బీ ఒరుగు. ఇది మన దగ్గర చిన్న విషయం కాదు. తిరుపతిలో లెక్క ప్రకారం సుమారు 45 డిగ్రీలు. డిష్‌కు ఎదురుగా నిలబడి ఎల్‌ఎన్‌బీని చూస్తే, కనెక్టర్ నిట్టనిలువుగా కిందికి, గడియారంలో 6 దగ్గర ఉండకూడదు. ముల్లు తిరిగే వైపే తిప్పి 7కీ 8కీ మధ్యకు తేవాలి. నేరుగా 6 దగ్గరే వదిలేస్తే వర్టికల్, హారిజాంటల్ రెండూ కలిసిపోయి దేన్నీ విడదీయలేదు. 45 అనేది మొదలుపెట్టడానికి అంకె మాత్రమే. క్వాలిటీ గీత చూస్తూ అటూ ఇటూ తిప్పి ఎక్కువ వచ్చిన చోట ఆపండి.

అడ్డాల గురించి పెద్దగా భయం అక్కర్లేదు. డిష్‌కు ఒక మీటరు దూరంలో ఉన్న గోడ, డిష్ కంటే 2 మీటర్లు ఎత్తున్నా చూపు దాని మీదుగా పోతుంది. కానీ ట్యాంకు స్టాండు డిష్‌కు ఆనుకొని ఆగ్నేయం వైపు ఉంటే అడ్డమే.

అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లు అయితే కోతుల లెక్క కూడా చూడాలి. ఎల్‌ఎన్‌బీ కాడ మీద కూర్చుంటే కాడ వంగుతుంది, డిష్ అంచు మెలిపడుతుంది. రెండు దారాలు తీసుకొని డిష్ ముఖం మీద ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా అంచు నుంచి అంచుకు బిగించి కట్టండి. నడిమధ్యలో రెండూ ఒకదాన్నొకటి తాకాలి. మధ్యలో వేలు దూరేంత సందు ఉంటే డిష్ మెలిపడింది, ఎంత తిప్పినా పాత క్వాలిటీ రాదు.

గిరింపేట_కేబుల్ (చిత్తూరు)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మాది డిష్ కాదు, కేబుల్ కనెక్షన్. టీవీని ముందు గది నుంచి వెనక గదికి మార్చి, పాత నాలుగు దారుల స్ప్లిటర్ ద్వారా వైరు లాగినాం. కొన్ని ఛానళ్లు వస్తాయి, కొన్ని గళ్లు గళ్లుగా విరిగిపోతాయి, కొన్ని అసలు రావు. టీవీలో నేరుగా వైరు పెట్టి సెర్చ్ చేసినా ఏమీ దొరకలేదు.

ఆగ్నేయం133

టీవీలో నేరుగా దొరకదు అన్నా. కేబుల్ డిజిటల్‌కు మారే గడువు నాలుగో దశతో 2017 మార్చి 31న అయిపోయింది. వచ్చేదంతా తాళం వేసిన సిగ్నల్, బాక్సే తియ్యాలి. అట్లే, మిద్దె మీది పాత దూరదర్శన్ యాంటెన్నాతో ప్రయత్నించాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి, ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2022 నాటికి ఆగిపోయాయి.

మీ తప్పు స్ప్లిటర్‌లోనే. నాలుగు దారులది ఒక్కో దారికి 7 డెసిబెల్‌లు తింటుంది, రెండు దారులదైతే మూడున్నర. పొడవాటి వైరులో నష్టం ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఛానళ్లకే ఎక్కువ. అందుకే అన్నీ పోకుండా కొన్నే పోతున్నాయి. స్ప్లిటర్ తీసేసి ఒకే వైరుతో బాక్సుకు కలపండి. రెండు గదులకూ కావాలంటే రెండు దారులది పెట్టి, బాక్సు సిగ్నల్ పేజీలో లెవెల్ 60 డీబీ మైక్రోవోల్టుల దగ్గర ఉందేమో చూడండి. అంతకంటే బాగా తక్కువ వస్తే ఆపరేటర్‌ను లైన్ చూడమనాలి. మీరే యాంప్లిఫయర్ కొని బిగించొద్దు, విరిగిపోయిన సిగ్నల్‌ను పెంచితే విరిగిందే పెద్దదవుతుంది.

మిద్దెమీద_డిష్

దొరికింది అన్నా! పోల్ వాలి ఉంది, తూకపుగుండు వేస్తే తెలిసింది. నిలబెట్టి, తిప్పుకుంటూ వస్తే కాంపస్ 130 దాటినాక క్వాలిటీ 24 లేచింది. ఎత్తు సవరిస్తే 51. ఎల్‌ఎన్‌బీ తిప్పితే 66.

కానీ కింద హాలులో మళ్లీ 0, అప్పుడప్పుడు 15 వచ్చి పోతుంది. పై కొన దగ్గర కనెక్టర్ విప్పితే చుక్క నీళ్లు కారినాయి.

ఆగ్నేయం133

అయితే రెండో రోగం కూడా ఉంది. ఎల్‌ఎన్‌బీ మీది ప్లాస్టిక్ టోపీ ఎండకు పగిలి ఉంటుంది, అక్కడి నుంచి వాన నీరు అల్లిక తీగ వెంబడి వత్తిలో నూనె ఎక్కినట్టు కేబుల్ లోపలికి పాకుతుంది. బయటి నల్ల తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. పై కొన నుంచి ఒక జానెడు కోసి, తొడుగు చీరి చూడండి. అల్లిక నల్లబడినా, నడిమి తీగ మీద పచ్చటి చిలుము ఉన్నా ఇంకో జానెడు కోయండి. మెరిసే తీగ కనిపించేదాకా కోస్తూ పోండి. రెండు మూడు మీటర్లు పోయినా నలుపు తగ్గకపోతే కేబుల్ మొత్తం మార్చడమే.

మల్టీమీటర్ ఉంటే అనుమానం లేకుండా తేల్చుకోవచ్చు. పైకొన ఊరికే విడిచి కొలిస్తే 13 వోల్టులు చూపిస్తుంది, అది నమ్మొద్దు. తుప్పు పట్టిన తీగ కూడా భారం లేనప్పుడు 13 చూపిస్తుంది. 100 ఓముల, 5 వాట్ల రెసిస్టర్‌ను నడిమి తీగకూ అల్లికకూ మధ్య కలిపి, అప్పుడు కొలవండి. 130 మిల్లీయాంపులు పారుతాయి, ఎల్‌ఎన్‌బీ తీసుకునేదీ ఇంచుమించు అంతే. మంచి ఆర్‌జీ-6 కేబుల్ 25 మీటర్లకు అర వోల్టుకు మించి పడకూడదు. 9కో 10కో పడిందంటే కేబుల్ లోపల తుప్పు. రెసిస్టర్ వేడెక్కుతుంది, వేళ్లతో పట్టుకోవద్దు.

కొత్త కనెక్టర్ వేసేటప్పుడు: తొడుగు ఒక సెంటీమీటరు చీరండి, అల్లికను వెనక్కి మడవండి, తెల్లటి నురగ కనెక్టర్ లోపలి అడుగుకు సమంగా రావాలి, నడిమి తీగ కనెక్టర్ అంచు కంటే 2 మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉండాలి. తక్కువైతే లోపల తగలదు, ఎక్కువైతే ఎల్‌ఎన్‌బీ లోపలి పట్టీని వంచేస్తుంది. తిప్పి ఎక్కించే రకం కంటే నొక్కి బిగించే రకం మేలు. పైన సాగదీసి చుట్టే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి, పై చుట్టు కింది చుట్టు మీద పెంకుల్లా పడాలి. మామూలు కరెంటు టేపు మన ఎండకు ఒక వేసవిలో ఊడిపోతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ను ఒక వంపు కిందికి వేలాడదీసి తర్వాత పోల్‌కు కట్టండి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

మిద్దెమీద_డిష్

నాలుగు జానలు కోసినాక ఎర్రటి తీగ వచ్చింది. కొత్త కనెక్టర్లు రెండు కొనలకూ వేసినాను. హాలులో ఇప్పుడు స్ట్రెంగ్త్ 74, క్వాలిటీ 61. స్కాన్ చేస్తే ఛానళ్లు వరుసగా పడినాయి. డీడీ సప్తగిరి మాత్రం పడలేదు.

తూకపుగుండు

స్ట్రెంగ్త్ 82 నుంచి 74కి తగ్గింది, బొమ్మ వచ్చింది. మొదటి ప్రశ్నకు జవాబు అదే.

సప్తగిరి సంగతికి బాక్సు మోడల్ చూడండి. ఫ్రీ డిష్‌లో కొన్ని ఛానళ్లు ఎంపెగ్-2లో, కొన్ని ఎంపెగ్-4లో వస్తాయి (బొమ్మను కుదించి పంపే రెండు పద్ధతులు). పాత ఎంపెగ్-2 బాక్సుకు రెండో రకం అర్థం కాదు. క్వాలిటీ 61 ఉండి కూడా ఒక గుంపు ఛానళ్లు మొత్తంగా రాకపోతే తప్పు డిష్‌ది కాదు, బాక్సుది. అడుగున ఎంపెగ్-4 అని లేకపోతే, అప్పుడు కొనండి కొత్త బాక్సు.

ఇంకొకటి: ప్రసార భారతి స్లాట్లు వేలం వేస్తుంది, ఆ తర్వాత ఛానళ్లు చోటు మారతాయి. క్వాలిటీ బాగుండి ఏదో ఒక ఛానలే కనిపించకుండా పోతే, ఆ ఒక్క సందర్భంలో స్కానే మొదటి మందు. మార్చి మధ్యలో, సెప్టెంబరు చివర్లో ఉదయం 11 ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతే మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనకకు వచ్చి ఉంటాడు, జరిగిపోగానే అదే వస్తుంది.

మళ్లీ మిద్దె ఎక్కుతారు కదా, బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే డిష్ ఒక పక్కకు లాక్కుపోతుంది, క్వాలిటీ 66 నుంచి 50కి దిగడం కళ్ల ముందే చూస్తారు. అంతా అయ్యాక పోల్‌కూ బ్రాకెట్‌కూ కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. పెయింటు లేకపోతే గోళ్ల రంగైనా సరే. ఈసారి గాలి కదిపితే రెండు గీతలు కలిపితే చాలు.